రికార్డు మీద వేలు పెట్టిన పిల్లలు

న్యూయార్క్‌లోని బ్రాంక్స్ అనగానే తగలబడిన భవనాలు గుర్తొస్తాయి. డీజే విద్య పుట్టింది మాత్రం ఆ శిథిలాల్లో కాదు. తగలబడకుండా మిగిలిన ఇళ్లలో, ముట్టుకోవద్దన్న వస్తువులను ముట్టుకున్న పిల్లల చేతుల్లో.

మాన్‌హాటన్ నుంచి ఉత్తరానికి వెళ్లే 4వ నంబరు సబ్‌వే రైలు యాంకీ స్టేడియం దగ్గర సొరంగం వదిలి పైకొస్తుంది. అక్కడి నుంచి జెరోమ్ అవెన్యూ పొడవునా ఇనుప స్తంభాల మీద చప్పుడు చేసుకుంటూ సాగుతుంది. అది బ్రాంక్స్, న్యూయార్క్ నగరంలోని అయిదు విభాగాల్లో ఒకటి. రైలు దిగి పడమరగా నడిస్తే నేల హార్లెం నది వైపు ఏటవాలుగా జారుతుంది. ఆ వాలులో ఉంది సెడ్‌విక్ అవెన్యూ. అందులో 1520 నంబరు భవనం ముందు నిలబడితే పెద్దగా చూడదగ్గదేమీ ఉండదు. 102 ఫ్లాట్లున్న ఇటుక రంగు అపార్ట్‌మెంటు. ఓ పక్క మేజర్ డీగన్, మరో పక్క క్రాస్ బ్రాంక్స్, రెండూ వాహనాలు ఊపిరి తిప్పుకోని ఎక్స్‌ప్రెస్ రహదారులే. పాలరాతి మెట్లు లేవు, గోపురం లేదు. అయినా ప్రపంచం నలుమూలల నుంచీ సంగీత ప్రియులు ఈ గుమ్మం ముందు ఫొటోలు దిగి వెళతారు.

కారణం 1973 ఆగస్టు 11. ఆ రాత్రి ఈ భవనంలోని సామూహిక వినోద గదిలో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి నాలుగు డాలర్లు సంపాదించుకోవాలన్నది ఆమె ఆలోచన. ఆహ్వానాలు చేత్తో రాసి పంచింది. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. రికార్డులు వేసే పని అన్న క్లైవ్‌ది. వయసు 18. భారీ విగ్రహం చూసి స్నేహితులు పెట్టిన ‘హెర్క్యులిస్’ అన్న పేరును కుదించుకుని కూల్ హెర్క్ అని పిలిపించుకునేవాడు. హిప్-హాప్ సంస్కృతికి పుట్టినరోజుగా ఇప్పుడు లోకమంతా లెక్కగట్టేది ఆ తేదీనే.

నాన్న సౌండ్ పెట్టె

హెర్క్ పుట్టింది జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, 1955లో. అక్కడ పేటల్లో నాటికే ‘సౌండ్ సిస్టం’ల హోరు. గోడలా పేర్చిన స్పీకర్లు, పక్కన రికార్డులు వేసే మనిషి, వీధిలో నాట్యం. 12 ఏళ్ల వయసులో, 1967లో, అతను బ్రాంక్స్ చేరాడు. యాస చూసి తోటి పిల్లలు నవ్వేవారు. కుటుంబం అంతకుముందున్న ట్రెమాంట్ ఇంట్లో అగ్నిప్రమాదం జరిగాక చివరికి సెడ్‌విక్ అవెన్యూకు మారింది.

తండ్రి కీత్ కాంప్‌బెల్ ఒక స్థానిక వాద్య బృందానికి సౌండ్ ఏర్పాట్లు చూసేవాడు. అందుకోసం షూర్ కంపెనీ పీఏ సిస్టం కొన్నాడు. దాన్ని ముట్టుకోవద్దని కొడుక్కి గట్టిగా చెప్పాడు. అయితే దానికున్న సత్తా అంతా ఎలా రాబట్టాలో తండ్రికి అంతుపట్టలేదు. ఆయన ఇంట్లో లేని వేళల్లో కొడుకు తీగలు విప్పి, కలిపి, మార్చి చూశాడు. ఒకరోజు ఇల్లు అదిరేలా మోత వచ్చింది. తండ్రి కోప్పడాల్సింది పోయి ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. బృందం విరామం తీసుకున్నప్పుడు కొడుకు రికార్డులు వేయాలి, బదులుగా సిస్టం వాడుకోవచ్చు. చెల్లెలి పార్టీకి చేతికందింది ఆ సిస్టమే.

హెర్క్ పట్టుకున్న సూక్ష్మం వినడానికి చిన్నదే. పాటంతా ఒకలా ఆడిన కుర్రాళ్లు ఒక్క చోట మాత్రం ఒళ్లు మరిచి ఆడుతున్నారు. గొంతులూ మిగతా వాద్యాలూ ఆగి, డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది క్షణాలవి. సంగీతకారులు దాన్ని ‘బ్రేక్’ అంటారు. ఆ కాసేపటి కోసమే కాచుకుని ఉన్నవాళ్లకు దాన్నే ఎందుకు వడ్డించకూడదు? ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చాడు. ఒకదాని మీద బ్రేక్ అయిపోయే వేళకు రెండోదాని మీద అదే బ్రేక్ మొదలుపెట్టాడు. అది ముగిసేలోగా మొదటిదాన్ని వెనక్కి జరిపి ఉంచాడు. జేమ్స్ బ్రౌన్, ఇంక్రెడిబుల్ బాంగో బ్యాండ్ రికార్డులు ఇలా రంగులరాట్నంలా తిరిగాయి. దానికతను పెట్టిన పేరూ ‘మెర్రీ-గో-రౌండ్’ అనే. ఆ బ్రేక్ మీద ఆడేవాళ్లే ‘బ్రేక్ డాన్సర్లు’ అయ్యారు. తన ఆయువుపట్టు ఇతరులకు తెలియకుండా రికార్డుల మీది లేబుళ్లను నీళ్లలో నానబెట్టి ఊడదీసేవాడు.

జనం పెరగడంతో గది చాలలేదు. పార్టీ దగ్గర్లోని సెడార్ పార్కుకు చేరింది. ఆ రోజుల్లో పార్కు పార్టీలకు కరెంటు వీధి దీపాల స్తంభాల నుంచి లాగేవారు. అనుమతి పత్రాలు అడిగేంత తీరిక నగర పాలక యంత్రాంగానికీ లేదు.

మంటల మధ్య

అప్పటి బ్రాంక్స్ చరిత్ర తెలియకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. న్యూయార్క్ నిర్మాణాల మీద దశాబ్దాల పాటు పెత్తనం చేసిన రాబర్ట్ మోజెస్ క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్ రహదారిని జనావాసాల నడిబొడ్డు నుంచి తవ్వించాడు. ఈస్ట్ ట్రెమాంట్‌లో ఒక్క మైలు దారి కోసం 1,530 ఫ్లాట్లు నేలమట్టమయ్యాయని రాబర్ట్ కారో 1974 నాటి తన గ్రంథంలో నమోదు చేశాడు. స్థోమత ఉన్నవాళ్లు శివార్లకు తరలిపోయారు. అద్దెలు గిట్టని యజమానులు కొందరు బీమా సొమ్ము కోసం తమ భవనాలకు తామే నిప్పు పెట్టించారు. ఖర్చు తగ్గించుకునే పనిలో నగరం అగ్నిమాపక దళాలను మూసేసింది. 1970-80 మధ్య బ్రాంక్స్‌లోని ఏడు జనగణన విభాగాలు 97 శాతానికి పైగా భవనాలను పోగొట్టుకున్నాయి. మరో 44 విభాగాల్లో సగానికి పైగా పోయాయి. 1977 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ షార్లెట్ వీధిలో ఇటుక గుట్టల నడుమ నడిచిన దృశ్యం దేశమంతా చూసింది. నగర ఖజానా 1975లో దివాలా అంచుకు చేరినప్పుడు వేల మంది టీచర్ల ఉద్యోగాలు పోయాయి. బడిలో వాయిద్యం నేర్చుకునే దారి ఇరుకైంది.

లేమి నుంచే కళ పుట్టిందని తేల్చేయడం ఇక్కడ సులువు. బ్రాంక్స్ గురించి రాసేవాళ్లు తరచూ చేసేదీ అదే. నిజానికి లేమి ఒక్కటే అయితే బూడిద తప్ప ఏమీ మిగిలేది కాదు. సెడ్‌విక్ అవెన్యూ భవనం శిథిలం కాదు. మధ్య తరగతి ఉద్యోగులకు అందుబాటు అద్దెల కోసం న్యూయార్క్ రాష్ట్రం తెచ్చిన మిచెల్-లామా పథకం కింద 1960ల చివర్లో కట్టిన ఇల్లు. అందులో పిల్లలు వాడుకోవడానికి ఒక ఉమ్మడి గది ఉంది. పీఏ సిస్టం కొనగలిగిన తండ్రి ఉన్నాడు. హెర్క్ చదివిన ఆల్‌ఫ్రెడ్ ఇ. స్మిత్ స్కూలు చేతిపనులు నేర్పే వృత్తి విద్యా పాఠశాల. రెండో కుర్రాడి కథలోనూ అలాంటి బడే కనిపిస్తుంది.

సోల్డరింగ్ పట్టిన చేయి

జోసెఫ్ శాడ్లర్ 1958లో బార్బడోస్ దీవిలో పుట్టి, బ్రాంక్స్‌లో పెరిగాడు. తండ్రికి రికార్డులంటే ప్రాణం. వాటిని అల్మారాలో భద్రంగా దాచుకునేవాడు. కుర్రాడికేమో తిరిగే వస్తువు కనిపిస్తే చాలు, చూపు తిప్పుకోలేకపోయేవాడు. తండ్రి పనికి వెళ్లగానే అల్మారా తలుపు తీసేవాడు. దొరికిపోయినప్పుడల్లా దెబ్బలు తప్పేవి కావు. ఆ దెబ్బలు చాలా దారుణంగా ఉండేవని తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇంట్లోని రేడియోలు, వస్తువులు విప్పి లోపలేముందో చూసే అలవాటు మాత్రం పోలేదు. ఆ పిచ్చిని చదువుగా మార్చింది శామ్యూల్ గాంపర్స్ వృత్తి విద్యా పాఠశాల. అక్కడ ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నాడు. వదిలేసిన కార్లలోంచి, చెత్తకుప్పల్లోంచి స్పీకర్లు, తీగలు ఏరుకొచ్చి పరికరాలు తయారు చేసుకున్నాడు. లోకం అతన్ని గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అంటుంది.

ఫ్లాష్ హెర్క్ పార్టీలకు వెళ్లి విన్నాడు. మోత అద్భుతం. అయితే ఒక రికార్డు నుంచి రెండోదానికి మారేటప్పుడు తాళం తప్పుతోంది. సూదిని కంటి అంచనాతో దించితే అంతే. దీన్ని లెక్క ప్రకారం చేయలేమా అన్నది అతని ప్రశ్న. ఎల్పీ రికార్డు నిమిషానికి 33 చుట్లు, ఆపైన మూడో వంతు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. పది సెకన్ల బ్రేక్ అయిదున్నర చుట్లకు ముగుస్తుంది. బ్రేక్ మొదలయ్యే చోట రికార్డు మీద పెన్సిలుతో గీత పెట్టుకుంటే, గడియారం ముల్లును చూసినట్టు ఆ గీతను చూస్తూ అన్ని చుట్లూ వెనక్కి తిప్పితే సరిగ్గా మొదటి దెబ్బకు చేరుకోవచ్చు. దీన్ని ‘క్లాక్ థియరీ’ అన్నాడు.

లెక్క కుదిరినా యంత్రం సహకరించాలి. రికార్డును చేత్తో వెనక్కి తిప్పితే కింద పళ్లెం కూడా ఆగిపోతోంది, మళ్లీ వేగం అందుకోవడానికి సమయం పడుతోంది. రబ్బరు చాప తీసేసి, తల్లి కుట్టుపనిలోని బట్టలాంటిదే మెత్తటి ఫెల్ట్ ముక్క కత్తిరించి, గంజి పెట్టి గట్టిపరచి రికార్డు కింద వేశాడు. ఇప్పుడు పళ్లెం కింద తన దారిన తాను తిరుగుతుంది, పైన రికార్డు వేలి మాట వింటుంది. నేడు ప్రపంచమంతా ‘స్లిప్‌మ్యాట్’ పేరుతో అమ్ముడయ్యేది ఈ కోవదే. ఒక రికార్డు జనానికి వినిపిస్తుండగా రెండోదాన్ని హెడ్‌ఫోన్‌లో తాను మాత్రమే వినే ఏర్పాటునూ మీట, తీగలతో స్వయంగా అమర్చుకున్నాడు.

నెలల తరబడి గదిలో మగ్గి సాధించిన ఈ విద్యను మొదటిసారి బయట ప్రదర్శిస్తే జనం ఆడలేదు. నిలబడి చూస్తూ ఉండిపోయారు. ఇంటికెళ్లి ఏడ్చానని ఫ్లాష్ పలుమార్లు చెప్పుకున్నాడు. వేళ్ల పనితనం కళ్లు కట్టేస్తోంది, కాళ్లు కదలడం లేదు. జనాన్ని కదిలించడానికి మైకు పట్టే మాటకారులు కావాలని అర్థమైంది. అలా పక్కన చేరినవాళ్లే తర్వాత ‘ఫ్యూరియస్ ఫైవ్’ అయ్యారు.

అమ్మ తలుపు తీసిన క్షణం

మూడో కుర్రాడు ఇంకా చిన్నవాడు. థియొడోర్ లివింగ్‌స్టన్ పుట్టింది 1963లో. అన్న జీన్ ఫ్లాష్‌తో కలిసి పార్టీలు చేసేవాడు. పరికరాలు వాళ్లింట్లోనే ఉండేవి. ఫ్లాష్ పనిని చూస్తూ చిన్నోడూ చేయి తిప్పడం మొదలెట్టాడు. సుమారు 1975లో, 12 ఏళ్ల వయసులో, ఒకరోజు బడి నుంచొచ్చి గదిలో పాట పెద్దగా పెట్టుకున్నాడు. మోత తగ్గించమని తల్లి గుమ్మంలోకొచ్చి మందలించింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ తిరుగుతున్న రికార్డును వేళ్లతో ఆపి పట్టుకున్నాడు. అప్రయత్నంగా చేయి ముందుకీ వెనక్కీ కదిలింది. హెడ్‌ఫోన్‌లో ఒక కొత్త చప్పుడు వినిపించింది. తల్లి వెళ్లాక అదే కదలికను మళ్లీ మళ్లీ చేసి చూశాడు. జనం ముందు పెట్టడానికి తగినట్టు నెలల పాటు సానబట్టాడు. ప్రపంచం దాన్ని ‘స్క్రాచ్’ అంటుంది. కనిపెట్టినవాడు గ్రాండ్ విజార్డ్ థియొడోర్‌గా పేరుపడ్డాడు.

గ్రామఫోను ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ సాహసం విలువ వెంటనే తెలుస్తుంది. రికార్డును అంచులతోనే పట్టుకోవాలి, గీతల మీద వేలు పడకూడదు, సూదిని పువ్వులా దించాలి. బ్రాంక్స్ నుంచి బెజవాడ దాకా పెద్దలు పిల్లలకు చెప్పిన నియమాలివి. ఈ ముగ్గురూ వాటిని ఒక్కొక్కటే దాటారు. పాట వినిపించే పెట్టె వారి చేతిలో వాయిద్యంగా మారింది. పరికరమూ కలిసొచ్చింది. జపాన్‌లోని మత్సుషితా కంపెనీ 1972లో టెక్నిక్స్ ఎస్ఎల్-1200 అనే టర్న్‌టేబుల్ తెచ్చింది. పట్టీతో కాకుండా మోటారు నేరుగా పళ్లేన్ని తిప్పేది కనుక వెంటనే వేగమందుకునేది. ఇళ్లలో పాటలు వినేవారి కోసం చేసిన ఆ యంత్రం డీజేల వీణ అయింది. 2010లో తయారీ ఆపేసిన కంపెనీ 2016లో మళ్లీ మొదలుపెట్టక తప్పలేదు.

పేరొకరిది, వేళ్లు మరొకరివి

పిచ్చిని వృత్తిగా పట్టుకున్నవాళ్లకు ఫలితం సమానంగా దక్కలేదు. 1977లో ఒక పార్టీలో గొడవ ఆపబోయిన హెర్క్ కత్తిపోట్లకు గురయ్యాడు. ఆ తర్వాత అతని జోరు తగ్గింది. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ విడుదల చేసిన ‘రాపర్స్ డిలైట్’ హిప్-హాప్‌ను దేశమంతా మోగించింది. అయితే అందులో డీజే లేడు. స్టూడియో వాద్యకారులు తాళం వాయిస్తే రాపర్లు పాడారు. పార్కుల్లో డీజే వెనక నిలబడ్డ మాటకారి ముందుకొచ్చాడు, డీజే వెనక్కి వెళ్లాడు. 1982 నాటి ‘ది మెసేజ్’ను అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల జాబితాలో మొదటి ఏడాదే, 2002లోనే, చేర్చింది. ఫ్లాష్ బృందం పేరుతో ఉన్న ఆ పాటలో ఫ్లాష్ వేలి పని లేదు. అతని వేళ్లు వినాలంటే మూడు టర్న్‌టేబుళ్ల మీద చేసిన 1981 నాటి ఏడు నిమిషాల ‘వీల్స్ ఆఫ్ స్టీల్’ రికార్డు వినాలి.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. 2007లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిన తొలి హిప్-హాప్ బృందం ఫ్లాష్‌దే. 2019లో స్వీడన్ ఇచ్చే పోలార్ సంగీత పురస్కారం అతనికి లభించింది. హెర్క్‌కు హాల్ ఆఫ్ ఫేమ్ గుర్తింపు 2023లో, అంటే ఆ పార్టీ జరిగిన 50 ఏళ్లకు, దక్కింది. అదే ఏడాది ఆగస్టు 11న యాంకీ స్టేడియంలో భారీ కచేరీ జరిగింది.

గది ఎవరిది?

ఈ వేడుకలకు ముందు ఆ భవనమే చేజారబోయింది. అద్దెల మీద నియంత్రణ ఉన్న మిచెల్-లామా పథకం నుంచి బయటపడాలని యజమానులు ప్రయత్నించారు. బయటపడితే పాత అద్దెదార్లు నిలవలేరు. 2007లో వాళ్లు పోరాటానికి దిగారు. హెర్క్ వచ్చి వారి పక్కన నిలిచాడు. సెనెటర్ చక్ షూమర్ మద్దతు పలికారు. ఆ ఏడాదే రాష్ట్రం ఆ భవనాన్ని హిప్-హాప్ జన్మస్థలంగా గుర్తించింది. అయినా 2008లో అమ్మకం జరిగిపోయింది. ఆర్థిక మాంద్యంలో కొత్త యజమానుల లెక్కలు తప్పాక, 2011లో నగర పాలక సంస్థ సాయంతో భవనం అందుబాటు అద్దెల ఇళ్లు నడిపే సంస్థ చేతికి వచ్చింది. చరిత్ర గుర్తింపు ఒక్కటే దాన్ని కాపాడిందనలేం. అందులో బతుకుతున్నవాళ్లు కదలమని భీష్మించడమూ కారణమే. నదికి దిగువన, బ్రాంక్స్ పాయింట్‌లో, హిప్-హాప్ మ్యూజియానికి 2021లో పునాది పడింది.

డీజే అన్న మాట తెలుగు ఊళ్లకూ చేరింది, అర్థం కాస్త మారి. ఇక్కడ డీజే అంటే ముందుగా గుర్తొచ్చేది పెళ్లి ఊరేగింపులో, వినాయక నిమజ్జనంలో వాహనం మీద గోడలా కట్టిన స్పీకర్లు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో నిషేధించిన ‘డీజే’ అదే. విచిత్రంగా అది కింగ్‌స్టన్ వీధుల సౌండ్ సిస్టంకు దగ్గరి చుట్టం. బ్రాంక్స్ పిల్లలు ఆ మోతకు జోడించిన వేలి విద్యే దారిలో ఎక్కడో జారిపోయింది. 2022లో వచ్చిన ‘డీజే టిల్లు’ సినిమాతో ఆ పేరు హైదరాబాద్ గల్లీ హీరోకూ అతుక్కుంది. పరికరాల కొరత మాత్రం ఇప్పుడు అంతగా లేదు. 2001లో వచ్చిన పయనీర్ సీడీజే-1000, 2004లో వచ్చిన సెరాటో సాఫ్ట్‌వేర్ తర్వాత రికార్డుల పెట్టెలు మోయాల్సిన పని తప్పింది. ఒక ల్యాప్‌టాప్ ఉంటే పన్నెండేళ్ల పిల్లలు కూడా మొదలుపెట్టవచ్చు.

మిగిలిన రెండింటికీ కొరత తీరలేదు. చప్పుడు చేస్తున్న పిల్లవాణ్ని కోప్పడి కూడా రెండోసారి అవకాశమిచ్చే ఇల్లు ఒకటి. కీత్ కాంప్‌బెల్ ఆ అవకాశమిచ్చాడు, శాడ్లర్ తండ్రి ఇవ్వలేదు. రెండోది చిల్లర డబ్బులతో లోపలికి వెళ్లగలిగే గది. ఫ్లాష్‌కు ఇల్లు మూసిన దారిని వృత్తి విద్యా పాఠశాల తెరిచింది. అదీ లేకపోతే అతను చెత్తకుప్పల్లో ఏరుకొచ్చిన తీగలు తీగలుగానే మిగిలేవి. మ్యూజియం జరిగిపోయినదాన్ని భద్రపరుస్తుంది. సిండీ కాంప్‌బెల్ వయసున్న అమ్మాయి ఈ వేసవిలో తన భవనంలోని ఉమ్మడి గదిని ఒక్క రాత్రికి అడిగితే ఇచ్చేవాళ్లున్నారా అన్నది బ్రాంక్స్‌కైనా, బోడుప్పల్‌కైనా అసలు ప్రశ్న.